మెయిన్స్ దాటినా... సిబిల్ దాటాలి!

బ్యాంకు కొలువుకు మార్కులు ఒక్కటే చాలవు. చేరే నాటికి మీ పేరుమీద మొండి బాకీ కనిపిస్తే, చేతికొచ్చిన ఆఫర్ లెటర్ కూడా వెనక్కి పోవచ్చు. చాలామంది చదవకుండా దాటేసే ఆ నిబంధన ఏమిటి? ఇంట్లో అప్పులుంటే భయపడాలా? ఇప్పటినుంచే ఏం సరిచూసుకోవాలి?

మా దర్శి వైపు డిగ్రీ, బీటెక్ అయిపోయినవాళ్లలో బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లు తక్కువేం కాదు. ఒకరు ఒంగోలులో గది తీసుకుంటారు, ఇంకొకరు గుంటూరు వెళ్తారు, మరికొందరు బ్యాంకు కోచింగ్‌కు పేరున్న నంద్యాల బస్సెక్కుతారు. రీజనింగ్ ఎన్ని మార్కులు, క్వాంట్స్‌లో కటాఫ్ ఎంత అన్నది నిద్రలో అడిగినా చెబుతారు. కానీ నోటిఫికేషన్ పీడీఎఫ్ మొత్తం చదివినవాళ్లు ఎంతమంది? వయసు, ఫీజు, చివరి తేదీ, పరీక్ష కేంద్రం చూసి మూసేస్తాం. ఆ పీడీఎఫ్‌లోనే ఎక్కడో లోపల ‘క్రెడిట్ హిస్టరీ’ అని కొన్ని లైన్లుంటాయి. ఏడాది చదువు ఫలితం ఆ కొన్ని లైన్ల దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది.

నిబంధన ఏం చెబుతోంది?

ప్రభుత్వరంగ బ్యాంకుల్లో పీవో, క్లర్క్ నియామకాలు ఐబీపీఎస్ ద్వారా జరుగుతాయి. (క్లర్క్ పోస్టునే ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు.) బ్యాంకులో చేరే సమయానికి అభ్యర్థికి ఆరోగ్యకరమైన రుణ చరిత్ర ఉండాలని ఈ నోటిఫికేషన్లు కోరుతున్నాయి. బాకీ తీర్చేసినా సిబిల్ రికార్డులో ఇంకా మారకపోతే, చేరే తేదీలోపు రికార్డును సరిచేయించుకోవాలి. లేదా ఆ ఖాతాలో బాకీ ఏమీ లేదని అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌వోసీ తేవాలి. రెండూ లేకపోతే ఆఫర్‌ను ఉపసంహరించవచ్చు.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. ‘ఇంత స్కోరు లేకపోతే ఉద్యోగం రాదు’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట పాతది. కనీస స్కోరు అనే షరతును 2024-25 నియామకాల నుంచి ఐబీపీఎస్ తీసేసిందని ఆర్థికశాఖ 2025లో పార్లమెంటుకు తెలిపింది. అలాగని పరిశీలన పోలేదు. స్కోరు అనే అంకె పోయింది, రుణ చరిత్ర చూడటం మిగిలింది.

ఎస్‌బీఐ తన నియామకాలు తానే చేసుకుంటుంది కాబట్టి దాని నిబంధన విడిగా ఉంటుంది. అప్పు, క్రెడిట్ కార్డు బకాయి ఎగ్గొట్టిన రికార్డు ఉండి, నియామక ఆఫర్ ఇచ్చే తేదీ వరకూ దాన్ని తీర్చనివారు అర్హులు కారని ఇటీవలి పీవో, క్లర్క్ నోటిఫికేషన్లు చెబుతున్నాయి. తీర్చినవారికి రికార్డు సరిచేయించుకోవడమో, ఎన్‌వోసీ చూపడమో తప్పదు. ఏ నోటిఫికేషన్‌లో ఏ మాట వాడారో, ఏ తేదీని గడువుగా పెట్టారో చూసుకోవడం మన పని. ఆ మాటల తేడా ఎంత ఖరీదైనదో ఈ కేసు చెబుతుంది.

ఉద్యోగం వచ్చింది... పోయింది

ఎస్‌బీఐ 2020లో సర్కిల్ బేస్డ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. తమిళనాడుకు చెందిన ఒక అభ్యర్థి ఎంపిక దశలన్నీ దాటి 2021 మార్చిలో నియామక ఉత్తర్వు అందుకున్నారు. ఆ తర్వాత బ్యాంకు ఆయన సిబిల్ రిపోర్టు చూసింది. పర్సనల్ లోన్లు, క్రెడిట్ కార్డుల చెల్లింపుల్లో గతంలో ఎగవేతలు కనిపించాయి. ఏప్రిల్‌లో నియామకం రద్దయింది.

ఆయన మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. నోటిఫికేషన్ వచ్చేనాటికే బాకీలన్నీ తీర్చేశాను, ఇప్పుడు రూపాయి కూడా లేదు కదా అన్నది ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆ నోటిఫికేషన్‌లో ఉన్న మాట వేరు. ‘ఎగవేసిన రికార్డు’ ఉన్నవాళ్లు, సిబిల్‌లో ప్రతికూల నివేదిక ఉన్నవాళ్లు అర్హులు కారని అందులో రాసి ఉంది. చివరికి తీర్చారా లేదా అన్నది కాదు, తీర్చిన తీరు కూడా మచ్చలేకుండా ఉండాలన్నదే ఆ నిబంధన అర్థమని జస్టిస్ ఎన్.మాల 2025 జూన్‌లో తీర్పిచ్చారు. నిబంధన తెలిసే దరఖాస్తు చేశాక దాన్ని ప్రశ్నించడం కుదరదన్నారు. ప్రజల డబ్బుతో పనిచేసే బ్యాంకు, ఉద్యోగిలో ఆర్థిక క్రమశిక్షణ కోరడం తప్పు కాదన్నది కోర్టు అభిప్రాయం.

అదే బ్యాంకు, దాదాపు అదే విషయం. ఒక నోటిఫికేషన్‌లో ‘ఆఫర్ తేదీకి తీర్చి ఉంటే చాలు’. ఇంకోదాంట్లో ‘ఎగవేసిన రికార్డే ఉండకూడదు’. అందుకే సీనియర్ చెప్పాడనో, వీడియోలో విన్నామనో నమ్మకుండా మీరు రాసే పోస్టు నోటిఫికేషన్‌లోని వాక్యాన్నే చదవాలి.

ఎందుకింత పట్టింపు?

బ్యాంకుల తర్కం సూటిగానే ఉంటుంది. రోజూ లక్షల రూపాయలు చేతులు మారే కౌంటర్‌లో, అప్పులవాళ్లు తరుముతున్న మనిషిని కూర్చోబెట్టడం ప్రమాదమని వాళ్ల భయం. రేపు వేరేవాళ్లకు అప్పు మంజూరు చేసేది, వసూలుకు వెళ్లేది కూడా ఈ ఉద్యోగే.

ఇది మన దగ్గరే పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో రహస్య ప్రభుత్వ సమాచారంతో పనిచేసే ఉద్యోగాలకు ‘సెక్యూరిటీ క్లియరెన్స్’ కావాలి. 2017 నుంచి అమల్లో ఉన్న అక్కడి మార్గదర్శకాల్లో 13 అంశాలున్నాయి. అందులో ఒకటి పూర్తిగా అభ్యర్థి ఆర్థిక పరిస్థితి గురించే. అప్పుల్లో కూరుకుపోయిన మనిషిని డబ్బు ఆశ చూపి లొంగదీసుకోవచ్చని వాళ్ల అనుమానం. అక్కడ పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు రక్షణ రంగ కాంట్రాక్టు కంపెనీల్లో చేరాలన్నా ఈ గడప దాటాల్సిందే. అయితే ఆ మార్గదర్శకాలే ఇంకో మాట కూడా అంటాయి. ఉద్యోగం పోవడం, అనారోగ్యం, విడాకులు వంటి చేతుల్లో లేని కారణాలతో అప్పు పడితే, ఆ సమయంలో బాధ్యతగా నడుచుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని. తీర్చడానికి నిజాయతీగా మొదలుపెట్టిన ప్రయత్నానికీ విలువ ఉంది. అంటే అప్పు ఉందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. దాని విషయంలో ఏం చేశావన్నది అసలు ప్రశ్న.

ఎవరి అప్పు ఎవరి ఖాతాలో?

ప్రకాశం, గుంటూరు, పల్నాడు వైపు రైతు కుటుంబాల పిల్లలకు ఇక్కడే గుబులు. మిర్చి ధర పడిపోతే ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. 2025 మొదట్లో ధర ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది పంట రుణం కట్టలేకపోయిన నాన్న అప్పు, బ్యాంకు పరీక్ష రాసే కొడుకు మెడకో కూతురి మెడకో చుట్టుకుంటుందా?

చుట్టుకోదు. రుణ చరిత్ర మనిషికి సంబంధించింది, ఇంటిపేరుకు కాదు. నాన్న పంట రుణం నాన్న రికార్డులో, అమ్మ డ్వాక్రా అప్పు అమ్మ రికార్డులో ఉంటాయి. మీరు సంతకం పెట్టనంతవరకూ అవి మీవి కావు. మరి మీవయ్యేవి ఏవి?

విద్యారుణం: ఇందులో అసలు రుణగ్రహీత విద్యార్థే. తల్లి లేదా తండ్రి తోడు రుణగ్రహీత. కట్టకపోతే ఇద్దరి రికార్డూ దెబ్బతింటుంది.

హామీ సంతకం: బాబాయి ట్రాక్టర్ లోనుకో, స్నేహితుడి బైక్ లోనుకో హామీ ఉంటే, అది మీ రిపోర్టులో కూడా కనిపిస్తుంది. వాళ్లు ఎగ్గొడితే మీకూ మచ్చ.

బంగారం తాకట్టు: పొలం పనులకో, ఫీజుకో ఇంటి బంగారాన్ని మీ పేరుతో బ్యాంకులో పెట్టి ఉంటే ఆ అప్పు మీదే. నగలు అమ్మవి కావచ్చు, ఖాతా మీది.

ఫోన్ ఈఎంఐ: ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. షాపులో ‘వడ్డీ లేని వాయిదాలు’ అంటారు. అది కూడా ఒక ఫైనాన్స్ కంపెనీ మీకిచ్చిన అప్పే. స్నేహితుడికి పాన్ కార్డు లేదని మీ పాన్ మీద ఫోన్ తీసిస్తే, అతను వాయిదాలు ఆపిన రోజు నుంచి ఎగవేతదారు మీరే.

లోన్ యాప్‌లు, ‘ఇప్పుడు కొను తర్వాత కట్టు’ పథకాలు: వెనకాల ఆర్‌బీఐ గుర్తింపున్న సంస్థ ఉంటే అయిదు వందల బాకీ అయినా రికార్డుకెక్కుతుంది.

ఇక నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో రాసిచ్చిన ప్రామిసరీ నోటు, పురుగుమందుల దుకాణంలో ఖాతా వంటివి సిబిల్‌లో ఉండవు. అవి కోర్టుకెక్కితే మాత్రం వేరే కథ. దాని సంగతి కింద చూద్దాం.

రిపోర్టు తెరిచి చూడండి

సిబిల్ అన్నది వాడుకలో పడిపోయిన పేరు. నిజానికి మన దేశంలో ఇలాంటి కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన చట్టం కింద, ఆర్‌బీఐ పర్యవేక్షణలో నడుస్తాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమ దగ్గరున్న ప్రతి రుణ ఖాతా వివరాలను వీటికి పంపాలి. 2025 జనవరి 1 నుంచి నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి పంపడం తప్పనిసరి అయింది. ఈ నాలుగు కంపెనీల్లో ప్రతిదీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో పాన్, ఫోన్ నంబరుతో లాగిన్ అయితే సరిపోతుంది. మధ్యవర్తికి వంద రూపాయలు ఇవ్వాల్సిన పని కూడా లేదు.

రిపోర్టు రాగానే అందరూ 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరునే చూస్తారు. ఉద్యోగార్థి చూడాల్సింది కిందనున్న ఖాతాల పట్టిక. ఒక్కో ఖాతాకు నెలనెలా ఒక గడి ఉంటుంది. అందులో ‘000’ ఉంటే ఆ నెల సమయానికి కట్టారని అర్థం. ‘030’ ఉంటే ముప్ఫై రోజులు ఆలస్యం. 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని నిరర్థక ఆస్తి కింద రాస్తుంది. ‘ఎక్స్ఎక్స్ఎక్స్’ అని ఉంటే ఆ నెల సమాచారం రాలేదని మాత్రమే. తర్వాత ఖాతా స్థితి చూడాలి. క్లోజ్డ్, సెటిల్డ్, రిటెన్ ఆఫ్ అన్న మూడు మాటల్లో ఏది ఉందన్నది ముఖ్యం.

అసలు ఎప్పుడూ అప్పు తీసుకోనివారికి స్కోరే ఉండదు. దాన్ని చూసి కంగారుపడి, స్కోరు కోసమని అప్పు చేయక్కర్లేదు. నోటిఫికేషన్లు పట్టించుకునేది చెడ్డ చరిత్రను. చరిత్ర లేకపోవడం ఎగవేత కాదు.

‘సెటిల్డ్’ వేరు, ‘క్లోజ్డ్’ వేరు

ఇలా అనుకుందాం. కురిచేడుకు చెందిన ఒక బీకాం విద్యార్థి ఇరవై వేల ఫోన్ వాయిదాల మీద తీసుకున్నాడు. సగం కట్టాక ఖాతా మార్చాడు, ఆటో డెబిట్ ఆగిపోయింది. మెసేజ్‌లు పాత నంబరుకు వెళ్లాయి. ఏడాది తర్వాత వడ్డీ, జరిమానాతో పద్నాలుగు వేలని వసూలు ఏజెంటు ఫోన్ చేశాడు. బేరమాడితే ‘ఆరువేలు కట్టు, సెటిల్ చేసేస్తాం’ అన్నాడు. ఎనిమిది వేలు మిగిలాయని కుర్రాడి సంతోషం.

కానీ రిపోర్టులో ఆ ఖాతా ‘సెటిల్డ్’ అని పడుతుంది. బాకీ మొత్తం రాలేదు, కొంత వదులుకున్నాం అని అప్పిచ్చినవాడు లోకానికి చెప్పడమన్నమాట. మిగిలాయనుకున్న ఎనిమిది వేలు బ్యాంకు ఉద్యోగానికి పోటీగా నిలబడతాయి. వీలైనంతవరకూ అసలు, న్యాయమైన వడ్డీ మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ చేయించుకోవాలి. జరిమానాలు తగ్గించమని అడగవచ్చు, తప్పులేదు. అయితే ఖాతాను క్లోజ్డ్‌గా నివేదిస్తామని ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇప్పటికే సెటిల్డ్ అయి ఉంటే, మిగతా మొత్తం కడతామని కంపెనీకి రాసి, కట్టాక రికార్డు మార్చమని కోరాలి.

డబ్బు కట్టేది కంపెనీ ఖాతాకే, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. కట్టాక ఎన్‌వోసీ తీసుకోండి. అందులో రుణ ఖాతా నంబరు, మూసిన తేదీ, బాకీ సున్నా అన్న మాట మూడూ ఉండాలి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా, ఈమెయిల్‌లో ఒకటి, ప్రింట్ ఒకటి దాచండి.

తప్పు మీది కాకపోతే...

ఈ వ్యవస్థ మనిషిని గుర్తుపట్టేది పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోన్ నంబరు, చిరునామాలను కలిపి చూసి. మన పేర్లతో ఇక్కడే తంటా. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, బ్యాంకులో ఒక్క అక్షరం. ఒకే మండలంలో అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్నవాళ్లు నలుగురుంటారు. సమాచారం సరిగా నింపకపోతే వేరేవాళ్ల అప్పు మన రిపోర్టులోకి వచ్చే ప్రమాదముంది. పాన్ జిరాక్స్ ఎక్కడో ఇస్తే, దాంతో ఇంకెవరో అప్పు తీసుకునే మోసాలూ ఉన్నాయి.

మీరు తీసుకోని ఖాతా కనిపిస్తే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా అభ్యంతరం నమోదు చేయవచ్చు. అప్పిచ్చినట్టు చూపుతున్న బ్యాంకుకూ రాయండి. 30 రోజుల్లో పరిష్కరించాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 అక్టోబరులో ఆదేశించింది. 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. అప్పటికీ కదలిక లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. మోసం జరిగిందని తేలితే సైబర్ హెల్ప్‌లైన్ 1930 ఉంది.

యాప్ వాళ్లు ‘సిబిల్ పాడుచేస్తాం, ఉద్యోగం రాదు’ అని బెదిరిస్తే ముందు ఆ యాప్ అసలుదో కాదో చూడండి. నియంత్రణలో ఉన్న సంస్థల డిజిటల్ లోన్ యాప్‌ల జాబితాను ఆర్‌బీఐ 2025 జులై నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచింది. ‘మూడు వేలిస్తే సిబిల్ క్లీన్ చేస్తాం’ అనే ప్రకటనలను అసలు నమ్మొద్దు. నిజమైన బాకీని డబ్బు తీసుకుని చెరిపేసే అధికారం ఎవరికీ లేదు.

ఉద్యోగం వస్తే కడతా... కడితేనే ఉద్యోగం!

ఇక అసలు చిక్కు. విద్యారుణం తీసుకున్నది ఉద్యోగం వస్తే కడదామనే కదా? ఉద్యోగం ఆలస్యమైంది, వాయిదా తప్పింది. వాయిదా తప్పిందని ఉద్యోగమే ఇవ్వమంటే ఇక కట్టేదెలా? ఈ ప్రశ్నలో న్యాయముంది. ఉన్నవాళ్ల పిల్లలకు అప్పే అక్కర్లేదు, రికార్డు శుభ్రంగా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమై, సర్టిఫికెట్ల కోసం చేబదులు తెచ్చిన ఇంటి బిడ్డకే ఈ పరీక్ష. కనీస స్కోరు షరతు తీసేయడం, తీర్చినవారికి ఎన్‌వోసీతో అవకాశమివ్వడం ఈ బాధను కొంత గుర్తించిన మార్పులే. తక్కువ స్కోరుందన్న ఒక్క కారణంతో విద్యారుణం నిరాకరించకూడదని కేరళ హైకోర్టు కూడా 2023లో చెప్పింది. కానీ బ్యాంకు ఉద్యోగం విషయంలో మద్రాసు తీర్పు మన ముందుంది. నిబంధన మారాలని అడుగుదాం. అది మారేలోపు మన రికార్డును కాపాడుకుందాం.

విద్యారుణానికి చదువు కాలం, ఆపైన ఏడాది వరకు సాధారణంగా వాయిదాలుండవు. ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో మంజూరు పత్రంలో చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. అప్పటికి ఉద్యోగం రాకపోతే బ్రాంచికి వెళ్లకుండా ముఖం చాటేయడమే పెద్ద నష్టం. నిరుద్యోగ కాలాన్ని లెక్కలోకి తీసుకుని గడువు ఇచ్చే వెసులుబాటు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకంలోనే ఉంది. మొదటి వాయిదా తప్పకముందే మేనేజరుకు లేఖ రాసి, దాని నకలుపై స్టాంపు వేయించుకోండి. బ్యాంకు ఒప్పుకుని గడువు మారిస్తే అది ఎగవేత కాదు. అడగకుండా మూడు నెలలు వదిలేస్తే ఎగవేతే.

మిగతా ఉద్యోగాల సంగతి?

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే పోలీసు వెరిఫికేషన్‌లో ప్రధానంగా చూసేది కేసులు. అప్పు అక్కడికి వచ్చేది కేసు రూపంలోనే. ఊళ్లో అప్పుకు హామీగా ఇచ్చిన చెక్కు బౌన్స్ అయి కోర్టుకు వెళ్తే అది క్రిమినల్ కేసు. అటెస్టేషన్ ఫారంలో పెండింగ్ కేసుల గురించి అడిగితే రాయాల్సిందే. చిన్న విషయమే కదా అని దాస్తే, ఆ దాచడమే అసలు కేసుకన్నా పెద్దదవుతుంది. ఫారంలో నిజం చెప్పడం ఎంత ముఖ్యమో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది.

ఉద్యోగంలో చేరాక కూడా ఈ విషయం వదలదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 17వ నిబంధన దీని గురించే. ఉద్యోగి అలవాటుగా అప్పుల్లో పడకుండా తన వ్యవహారాలు చక్కబెట్టుకోవాలి. అప్పు వసూలుకు తనపై కోర్టులో చర్య మొదలైతే ప్రభుత్వానికి తెలియజేయాలి.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లు కూడా ఆఫర్‌తో వచ్చే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సమ్మతి పత్రం చదివే సంతకం పెట్టాలి. బ్యాంకులు, బీమా సంస్థల ప్రాజెక్టులు చేసే కొన్ని కంపెనీలు అందులో రుణ చరిత్ర పరిశీలన కూడా చేర్చుతాయి.

ఎప్పుడు ఏం చేయాలి?

దరఖాస్తుకు ముందు: నోటిఫికేషన్‌లో క్రెడిట్ హిస్టరీ వాక్యం చదవండి. ‘చేరే తేదీ’, ‘ఆఫర్ తేదీ’, ‘ఎగవేత రికార్డు’ అన్న మాటల్లో ఏది వాడారో రాసుకోండి. సిబిల్‌తో పాటు మిగతా మూడు కంపెనీల ఉచిత రిపోర్టులూ తీయండి.

ప్రిలిమ్స్ చదువుతున్నప్పుడు: చిన్న బాకీలు ముందు ముగించండి. మీవి కాని ఖాతాలుంటే అభ్యంతరం నమోదు చేయండి. దీనికి నెల పడుతుంది కాబట్టి ఫలితాలదాకా ఆగొద్దు.

మెయిన్స్ అయ్యాక: కట్టిన ప్రతి ఖాతాకూ ఎన్‌వోసీ చేతిలో ఉందా చూసుకోండి. రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో మళ్లీ చూడండి. ఈ నెలల్లో కొత్త ఈఎంఐలు, కొత్త యాప్‌లు వద్దు.

ఆఫర్ వచ్చాక: బ్యాంకు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి, కాగితాలు చూపండి. రికార్డులో ఉన్నదాన్ని దాచలేం. వివరణ మాత్రం ఇవ్వగలం.

ఒక మాట ఇంట్లో కూడా చెప్పండి. నా పాన్, నా సంతకం, నా ఓటీపీ వాడేముందు నన్ను అడగండి అని. పెద్దవాళ్లతో అలా అనడం కొంచెం కష్టంగానే ఉంటుంది. పంట పోయిన ఏడాది అప్పు చేయడం ఏ రైతుకూ సిగ్గుపడాల్సిన విషయం కాదు. అందులో ఏది ఎవరి పేరుమీద ఉందో అందరికీ తెలిసి ఉంటే, ఇంటి కష్టం తీర్చగల ఉద్యోగం ఒక పాత ఫోన్ వాయిదా దగ్గర ఆగిపోదు.